డిస్కౌంట్‌లో దొరికే ట్రావెల్ గిఫ్ట్ కార్డులు: కొన్నాక బయటపడే తిరకాసులు

మేఘమాల

ట్రావెల్ గిఫ్ట్ కార్డులు ముఖ విలువ కన్నా 10, 15, ఒక్కోసారి 40 శాతం తక్కువకు అమ్ముతున్నారు. విమానాలకు, హోటళ్లకు, ప్యాకేజీలకు చెల్లుతాయని పైన పెద్ద అక్షరాల్లో రాస్తారు. కింద "షరతులు వర్తిస్తాయి" అని ఒక లింకు ఇస్తారు. ఆ షరతుల్లో ఏవి నిజంగా దెబ్బతీస్తాయి? డబ్బు కట్టకముందే వాటిని పట్టుకోవడం ఎలా? విషయం తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయగలరా?

దారిబత్తెం

మేఘమాల గారూ, ముందు చేతికొచ్చేది ఏ జాతి కార్డో తేల్చుకోవాలి. "ట్రావెల్ గిఫ్ట్ కార్డు" అన్న పేరుతో నాలుగు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి.

మొదటిది విమాన సంస్థో హోటల్ సంస్థో సొంతంగా ఇచ్చే నిల్వ కార్డు. అందులో ఉన్నది డబ్బుతో సమానం. వాడగా మిగిలింది అందులోనే ఉంటుంది. ఇది అన్నింటికన్నా నయం, అందుకే దీనిమీద తగ్గింపు కూడా తక్కువే ఉంటుంది.

రెండోది వోచర్. చూడ్డానికి కార్డులాగే ఉంటుంది కానీ ఒక్కసారే వాడాలి. 10,000 వోచర్‌తో 7,000 బుకింగ్ చేస్తే మిగతా 3,000 పోయినట్టే.

మూడోది మధ్యవర్తి కార్డు. ఎన్నో విమాన సంస్థల బొమ్మలు ముద్రించి ఉంటాయి, కానీ ఆ సంస్థల సైట్లలో పనిచేయదు. మధ్యవర్తి పోర్టల్‌లోనే బుక్ చేయాలి, అక్కడి ధరే కట్టాలి.

నాలుగోది పేరుకే కార్డు, నిజానికి డిస్కౌంట్ కూపన్. ప్రతి బుకింగ్‌లో ఇంత శాతం వరకే అందులోంచి కట్టనిస్తారు. 40, 50 శాతం తగ్గింపు అని ఊరించేవాటిలో ఎక్కువ ఈ బాపతే.

తేడా కనిపెట్టడానికి షరతుల పేజీలో మూడు సంగతులు వెతకండి: కార్డు జారీ చేసింది ఎవరు, ఎక్కడ వాడాలి, మిగిలిన బ్యాలెన్స్ ఏమవుతుంది. జారీదారు పేరు, పైన బొమ్మల్లో ఉన్న సంస్థ పేరు వేర్వేరైతే అది మూడోదో నాలుగోదో అనుకుని చదవడం మొదలుపెట్టండి.

లెక్కలపుస్తకం

నాలుగో జాతి కార్డుకు లెక్క వేసి చూపిస్తాను, 40 శాతం ఎలా కరిగిపోతుందో తెలుస్తుంది.

ముఖ విలువ 20,000. అమ్మకం ధర 12,000. షరతు: ఒక్కో బుకింగ్‌లో 25 శాతం మాత్రమే కార్డులోంచి. అంటే కార్డు మొత్తం ఖాళీ కావాలంటే ఆ పోర్టల్‌లో 80,000 విలువైన బుకింగులు చేయాలి. అందులో 60,000 మళ్లీ చేతి నుంచి కట్టాలి. కార్డుకు పెట్టిన 12,000 కలిపితే మొత్తం ఖర్చు 72,000. అవే గదులు, అవే టికెట్లు బయట 74,000కు దొరుకుతున్నాయనుకోండి (పోర్టల్ ధర 8 శాతం ఎక్కువన్నమాట). మిగిలింది 2,000. శాతంలో 2.7. దానికోసం 80,000 బుకింగులు ఒకే చోట, గడువు లోపల చేసితీరాలి. గడువులోగా సగమే వాడగలిగితే చేతిచమురు వదిలినట్టే: బయట 37,000కు దొరికేదానికి 42,000 అవుతుంది.

శాతం పరిమితి లేని పోర్టల్ కార్డుకైనా ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. 10 శాతం తగ్గింపును పూర్తిగా తినేయడానికి పోర్టల్ ధర 11.1 శాతం ఎక్కువ ఉంటే చాలు. 20 శాతం తగ్గింపుకైతే 25 శాతం. హోటల్ గదుల ధరల్లో పోర్టల్‌కూ పోర్టల్‌కూ 10 శాతం తేడా అరుదేమీ కాదు.

"5,000 కడితే 6,000 విలువ" అన్నప్పుడు 20 శాతం తగ్గింపు అనుకోవద్దు. 6,000కు 1,000 తగ్గినట్టు, అంటే 16.7 శాతం. పైగా ఆ 1,000 బోనస్‌గా వేరే కార్డులో వస్తే దాని గడువు వేరు, షరతులు వేరు.

రెక్క

విమాన టికెట్ల విషయంలో పెద్ద దెబ్బ బేస్ ఫేర్ (పన్నులు, రుసుములు కలపని టికెట్ ధర) దగ్గర తగులుతుంది. కొన్ని కార్డుల విలువను బేస్ ఫేర్‌కే సర్దుతారు. పన్నులు, విమానాశ్రయ రుసుములు, సీటు, అదనపు సామాను విడిగా కట్టుకోవాలి.

లెక్క చూడండి. టికెట్ 12,000. అందులో బేస్ ఫేర్ 7,400, పన్నులూ రుసుములూ 4,600. చేతిలో 8,500కు కొన్న 10,000 కార్డు ఉంది. కార్డులోంచి 7,400 మాత్రమే తీసుకుంటారు, 4,600 వేరే కట్టాలి. మిగిలిన 2,600 నిల్వ ఉంటే పరవాలేదు. అది ఒక్కసారి వాడే రకమైతే 7,400 కోసం 8,500 పెట్టినట్టు. 15 శాతం తగ్గింపు కార్డుతో 1,100 నష్టం.

పన్నుల వాటా ఎక్కువ ఉండే అంతర్జాతీయ టికెట్లకు, బేస్ ఫేర్ నామమాత్రంగా ఉండే చవక టికెట్లకు ఈ రకం కార్డు అసలు పనికిరాదు.

విమాన సంస్థ సొంత కార్డులకూ కొన్ని కట్టుబాట్లుంటాయి:

– ఒక బుకింగ్‌కు ఇన్ని కార్డులే అనే పరిమితి. పరిమితి 3 ఉన్నచోట చిన్న చిన్న కార్డులు పది కొనిపెట్టుకుంటే ఒక్క టికెట్‌లో వాటిని ఖర్చుపెట్టలేరు.
– సొంత విమానాలకే చెల్లడం. ఆ సంస్థ సైట్‌లోనే అమ్మినా, నడిపేది భాగస్వామి సంస్థ అయితే చెల్లింపు పేజీలో గిఫ్ట్ కార్డు గడి మాయమవుతుంది.
– కార్డు కొన్న దేశపు సైట్‌లో, ఆ కరెన్సీలోనే పనిచేయడం. మరో దేశం నుంచి బయల్దేరే టికెట్‌కు సైట్ కరెన్సీ దానంతటదే మారిపోతుంది, అక్కడితో కార్డు ఆగిపోతుంది.
– టికెట్ తీసుకునేటప్పుడు చెల్లి, తర్వాత తేదీ మార్పు రుసుముకు, సీటుకు, సామానుకు చెల్లకపోవడం.

ప్రోమో కోడ్ విషయం కూడా ముందే చూసుకోవాలి. కోడ్ వేస్తే కార్డు గడి, కార్డు వేస్తే కోడ్ గడి మూసుకుపోయే సైట్లు చాలా ఉన్నాయి.

విడిది

హోటళ్ల సంగతి నేను రాస్తాను.

పోర్టల్ కార్డులు ముందే కట్టేసే రేటుకు మాత్రమే చెల్లుతాయి. హోటల్‌కు వెళ్లాక కట్టే రేటుకు చెల్లవు, ఎందుకంటే అక్కడ డబ్బు తీసుకునేది పోర్టల్ కాదు, హోటల్. ఇందులో అసలు నష్టం వేరే ఉంది. చివరి రోజు వరకూ ఉచితంగా రద్దు చేసుకునే వీలు తరచూ ఆ రెండో రేటుకే ఉంటుంది. కార్డు వాడాలన్న ఒక్క కారణంతో రద్దుకు వీల్లేని గదిని తీసుకోవద్దు.

హోటల్ గొలుసుల (చైన్ల) సొంత కార్డుల్లో దీనికి తిరగబడి ఉంటుంది. కొన్ని ఆన్‌లైన్‌లో పనిచేయవు, గది ఖాళీ చేసేటప్పుడు కౌంటర్ దగ్గరే చెల్లుతాయి. అంటే ముందుగా కట్టించుకునే చవక రేటును ఆ కార్డుతో తీసుకోలేరు. "పాల్గొనే హోటళ్లలో" అన్న మాట ఉంటే ఆ గొలుసులో ఫ్రాంచైజీ తీసుకుని నడిపే హోటళ్లు కొన్ని ఒప్పుకోవన్నమాటే. వెళ్లబోయే హోటల్‌కే ఫోన్ చేసి అడగాలి, కంపెనీ కాల్ సెంటర్‌ను కాదు.

చెక్-ఇన్ డిపాజిట్‌కు గిఫ్ట్ కార్డు చెల్లదు. గది మొత్తం కార్డుతో కట్టేసినా క్రెడిట్ కార్డు చూపించాల్సి వస్తుంది. స్థానిక పన్ను, రిసార్ట్ రుసుము లాంటివి కొన్ని హోటల్ దగ్గరే వసూలు చేస్తారు, అవీ కార్డులోంచి పోవు.

పోర్టల్ ద్వారా కట్టిన గదులకు చాలా గొలుసుల్లో సభ్యత్వ పాయింట్లు రావు, సభ్యుల రేటు కూడా ఉండదు. లెక్కలపుస్తకం గారు దీన్ని కూడా కలిపి చూపిస్తే బాగుంటుంది.

లెక్కలపుస్తకం

విడిది గారూ, ఇదిగో. 8,500కు కొన్న 10,000 కార్డు. పోర్టల్‌లో గది 9,600. అదే గది హోటల్ సైట్‌లో సభ్యుల రేటుకు 8,900. కార్డులో మిగిలిన 400 ఎప్పటికైనా వాడగలిగితే గది ఖర్చు 8,160, ఆదా 740. ఆ 400 గడువు దాటిపోతే ఖర్చు 8,500, ఆదా 400, అంటే 4.5 శాతం. దీంట్లోంచి రాని పాయింట్ల విలువ, పోయిన ఉచిత రద్దు విలువ తీసేయండి. కాస్త అటూ ఇటూ అయితే ఏమీ మిగలదు.

క్రెడిట్ కార్డు రివార్డుల వైపు కూడా ఒక లోటు ఉంది. ప్రయాణ ఖర్చుకు అదనపు పాయింట్లిచ్చే క్రెడిట్ కార్డులు, అమ్మినవాళ్లది ఏ రకం వ్యాపారమో చెప్పే నాలుగంకెల వ్యాపారి కోడ్ చూసి ఇస్తాయి. ట్రావెల్ ఏజెన్సీల కోడ్ 4722, హోటళ్లది 7011. గిఫ్ట్ దుకాణం దగ్గర కొంటే 5947 లాంటి కోడ్ పడుతుంది. అది ప్రయాణం కిందకు రాదు. గిఫ్ట్ కార్డుల కొనుగోలుకు అసలు రివార్డులే ఇవ్వని బ్యాంకులూ ఉన్నాయి.

పంచాంగం

గడువు అనగానే ఒకే తేదీ అనుకుంటారు. మూడు తేదీలుంటాయి: కార్డును యాక్టివేట్ చేయాల్సిన తేదీ, బుక్ చేయాల్సిన తేదీ, ప్రయాణం పూర్తి కావాల్సిన తేదీ. కార్డు మీద ఒక్కటే ముద్రిస్తారు. అది మూడింట్లో ఏదో షరతుల్లోనే తెలుస్తుంది. "డిసెంబరు 31 వరకు చెల్లుతుంది" అన్నది ప్రయాణ తేదీ అయితే, అక్టోబరులో కొన్నవాళ్లకు మిగిలేది మూడు నెలలు కాదు. 21 రోజుల ముందే బుక్ చేయాలన్న షరతు, సెలవు రోజుల్లో చెల్లదన్న షరతు కలిస్తే చేతికి చిక్కేవి కొన్ని వారాలే.

చట్టం కాపాడుతుందని ధీమాగా ఉండడం కూడా ఇక్కడ కుదరదు. అమెరికాలో 2009 నాటి చట్టం ప్రకారం, 2010 ఆగస్టు 22 నుంచి, గిఫ్ట్ కార్డు విలువకు కనీసం 5 ఏళ్ల గడువు ఉండాలి. కానీ ప్రచారం కోసం, విధేయతకు బహుమతిగా ఇచ్చే కార్డులకు ఆ నియమం లేదు. ఆస్ట్రేలియాలో 2019 నవంబరు 1 నుంచి అమ్మిన కార్డులకు కనీసం 3 ఏళ్లు, అక్కడా ప్రచార కార్డుల లాంటివాటికి మినహాయింపులున్నాయి. భారత్‌లో రిజర్వు బ్యాంకు నియమాల కిందకొచ్చే ప్రీపెయిడ్ కార్డులకు కనీసం ఏడాది చెల్లుబాటు ఉండాలి. అయితే ఒక సంస్థ తన దగ్గరే వాడుకోవడానికి ఇచ్చే కార్డు ఆ నియమాల పరిధిలోకి రాదు.

గమనించండి, తగ్గింపుతో వచ్చేవీ బోనస్‌గా వచ్చేవీ చాలావరకు ఈ మినహాయింపుల్లోకే జారిపోతాయి. షరతుల్లో "ప్రచార విలువ" అన్న మాట కనిపిస్తే 5 ఏళ్లు, 3 ఏళ్లు మర్చిపోండి. దానిమీద రాసిన తేదీయే దాని ఆయుష్షు.

మేఘమాల

పంచాంగం గారూ, ధన్యవాదాలండి. బోనస్, అసలు రెండూ ఒకే ఖాతాలో ఉంటే ముందు ఏది ఖర్చవుతుంది? ఇంకోటి, టికెట్ రద్దయితే డబ్బు ఎలా వెనక్కొస్తుంది?

పంచాంగం

ఏది ముందు అన్నది సంస్థ ఇష్టం. గడువు దగ్గరపడ్డది ముందు ఖర్చయ్యేలా ఉంటే మనకు మేలు. అసలు ముందు, బోనస్ తర్వాత అని ఉంటే బోనస్ మురిగిపోవడం ఖాయం. షరతుల్లో లేకపోతే చాట్‌లో అడిగి, ఆ జవాబును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

రెక్క

రద్దు సంగతి నేను చెబుతాను, నా లెక్కన అన్నింట్లోకీ ముఖ్యమైనది ఇదే.

ఏ దారిన వెళ్లిన డబ్బు ఆ దారినే వెనక్కొస్తుంది. కార్డుతో కట్టింది కార్డుకే పోతుంది, బ్యాంకుకు రాదు. విమాన సంస్థే విమానాన్ని రద్దు చేసినా సాధారణంగా ఇంతే. కాబట్టి బ్యాలెన్స్ సున్నా అయిందని కార్డు పారేయకూడదు. ప్రయాణం ముగిసి, రావాల్సినవన్నీ వచ్చేదాకా నంబరూ పిన్నూ భద్రంగా ఉండాలి. కొన్ని సంస్థలు పాత కార్డుకు వేయకుండా కొత్త క్రెడిట్ కోడ్ పంపుతాయి, దానికి పాత గడువే ఉంటుంది. గడువు అప్పటికే దాటిపోయి ఉంటే ఏం చేస్తారో షరతుల్లో వెతకండి. "గడువు ముగిసిన విలువను పునరుద్ధరించం" అని ఉంటే, నెలల ముందు తీసుకునే టికెట్‌కు ఆ కార్డు వాడొద్దు.

సగం కార్డు, సగం క్రెడిట్ కార్డు అయితే రద్దు రుసుము ఏ భాగంలోంచి కోస్తారన్నది ఇంకో మెలిక. టికెట్ 30,000 అనుకోండి: గిఫ్ట్ కార్డు 20,000, క్రెడిట్ కార్డు 10,000. రద్దు రుసుము 6,000. దాన్ని క్రెడిట్ కార్డు భాగంలోంచి కోస్తే చేతికి వచ్చే నగదు 4,000 మాత్రమే, మిగతా 20,000 మళ్లీ కార్డులోనే ఇరుక్కుంటుంది.

మధ్యవర్తి పోర్టల్ అయితే ఇంకో అంచె. విమాన సంస్థ పోర్టల్‌కు ఇవ్వాలి, పోర్టల్ కార్డుకు వేయాలి. రెండు చోట్లా రుసుము ఉండొచ్చు.

తాళంచెవి

ఎవరూ ఇంకా ముట్టుకోని సంగతి: జారీదారు కాకుండా మూడో మనిషి అమ్మే చవక కార్డులు. గ్రూపుల్లో, తిరిగి అమ్మే సైట్లలో 25, 30 శాతం తక్కువకు దొరుకుతాయి.

ప్రమాదం ఎలా వస్తుందంటే: దొంగిలించిన క్రెడిట్ కార్డుతో ఎవడో ఈ-గిఫ్ట్ కార్డు కొంటాడు. చవకగా అమ్మేస్తాడు. కొన్నవాళ్లు బ్యాలెన్స్ చూస్తే సరిగ్గానే ఉంటుంది, టికెట్ కూడా వస్తుంది. కొన్ని వారాలకు అసలు క్రెడిట్ కార్డు యజమాని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు, బ్యాంకు ఆ డబ్బును వెనక్కి లాగేస్తుంది. జారీదారు గిఫ్ట్ కార్డును రద్దు చేసి, దానితో తీసిన టికెట్‌ను కూడా రద్దు చేస్తాడు. అంటే "బ్యాలెన్స్ చూశాను, బాగుంది" అన్నది ఏ భరోసా ఇవ్వదు. పైగా చాలా షరతుల్లో "అనుమతి లేని చోట కొన్న కార్డు చెల్లదు" అని ఉంటుంది కాబట్టి జారీదారు దగ్గర వాదించడానికి ఏమీ మిగలదు.

దుకాణంలో వేలాడదీసే ప్లాస్టిక్ కార్డులైతే పిన్ మీది పూతను వేలితో తడిమి చూడండి. అంచు లేచి ఉన్నా, పైన అతికించిన స్టిక్కర్ పొరలాగా జారినా వదిలేయండి. పిన్ ముందే చూసుకుని, కార్డు యాక్టివేట్ కాగానే ఖాళీ చేసే దొంగలు ఉన్నారు. బిల్లు, యాక్టివేషన్ రసీదు రెండూ ఉంచుకోవాలి. అవి లేకుండా ఫిర్యాదు ముందుకు కదలదు.

ఆన్‌లైన్‌లో కొన్న కార్డు వెంటనే పనిచేయకపోవచ్చు. భద్రతా తనిఖీ పేరిట 24 నుంచి 72 గంటలు ఆపేవి ఉన్నాయి. సాయంత్రానికి ముగిసే ఆఫర్ టికెట్ కోసం మధ్యాహ్నం కార్డు కొనడం జూదమే.

విడిది

తాళంచెవి గారు చెప్పినదానికి ఒక చేర్పు. చేతికి రాగానే కార్డును ఖాతాలోకి ఎక్కించేసుకోవడం మంచిది. పిన్ దొంగతనం భయం పోతుంది.

తాళంచెవి

విడిది గారూ, జారీదారు దగ్గరే కొన్న కార్డుకు అంత తొందర వద్దండి. ఖాతాలోకి ఎక్కించాక వెనక్కి ఇవ్వడం కుదరదు, మరొకరికి ఇవ్వడమూ కుదరదు. కొన్నిచోట్ల ఆ ఖాతాదారు పేరు ప్రయాణికుల్లో ఉండాలని కూడా అంటారు, అప్పుడు అమ్మానాన్నలకు టికెట్ తీయాలన్నా వీలుపడదు. పైగా కొన్ని కార్డులకు గడువు ఎక్కించిన రోజు నుంచే మొదలవుతుంది. బయట దుకాణంలో కొన్న ప్లాస్టిక్ కార్డుకైతే మీ మాటే సరి, వెంటనే ఎక్కించాలి.

దారిబత్తెం

కార్డుతో మొత్తం కట్టేస్తే పోయే రక్షణల గురించి కూడా తెలుసుకోవాలి. క్రెడిట్ కార్డుతో పాటు వచ్చే ప్రయాణ బీమా సాధారణంగా ఆ కార్డుతో టికెట్ కొంటేనే వర్తిస్తుంది. కొన్ని పాలసీలకు కొంత భాగం కడితే చాలు, కొన్నింటికి మొత్తం కట్టాలి. పాలసీ పత్రంలో ఆ ఒక్క వాక్యం చూసుకోండి. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద, 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్ల వరకు ధర ఉన్న కొనుగోలుకు, అమ్మినవాళ్లు మాట తప్పితే, క్రెడిట్ కార్డు సంస్థ కూడా బాధ్యత వహించాలి. మధ్యలో గిఫ్ట్ కార్డు దూరితే ఆ లంకె తెగిపోయే ప్రమాదం ఉంది.

సంస్థ మూతబడితే ఇంకా కష్టం. కార్డు ఉన్నవాళ్లు తాకట్టేదీ లేకుండా అప్పిచ్చినవాళ్ల వరుసలో చివర్లో నిలబడాలి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఎగరడం ఆపేసింది, అదే ఏడాది సెప్టెంబరులో బ్రిటన్‌కు చెందిన థామస్ కుక్ కూలిపోయింది. రెండూ పేరున్న సంస్థలే. తగ్గింపు బాగుందని రెండేళ్లకు సరిపడా కార్డులు ముందే పోగేయడం మంచిది కాదు. ఆర్నెల్లలో వాడేదే కొనండి.

మేఘమాల

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. చివరగా ఒకటి: కార్డు కొనకుండానే ఇవన్నీ పరీక్షించే మార్గం ఉందా?

రెక్క

చాలావరకు ఉంది. వెళ్లాలనుకున్న తేదీకి, వెళ్లాలనుకున్న టికెట్‌నే ఎంచుకుని చెల్లింపు పేజీ దాకా వెళ్లి ఆగండి. అక్కడ గిఫ్ట్ కార్డు గడి ఉందా? ఉంటే ఎన్ని కార్డులు చేర్చవచ్చు? ధర విభజనలో బేస్ ఫేర్ ఎంత? తర్వాత అదే ఎంపికలో భాగస్వామి విమానం, రద్దు వీలున్న రేటు, ప్రోమో కోడ్, ఒక్కొక్కటే మార్చి చూడండి. గడి ఎక్కడ మాయమైతే అక్కడ ఆంక్ష ఉన్నట్టు. ఈ పరీక్ష షరతుల పేజీ కన్నా నమ్మదగినది. ఫోన్‌లో యాప్‌లో, కంప్యూటర్‌లో సైట్‌లో, రెండుచోట్లా చేయండి. గడి ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోవడం మామూలే.

ఆ పేజీలోని మొత్తం రాసుకుని, అదే టికెట్ వేరే రెండు చోట్ల ఎంతో చూడండి.

పంచాంగం

షరతుల పేజీని ఆ రోజే పీడీఎఫ్‌గా దాచండి, తేదీ కనబడేలా. "ముందస్తు సమాచారం లేకుండా మార్చవచ్చు" అని రాసుకున్న పేజీ అది. కొన్న రోజు ఏముందో చూపించే కాగితం మన దగ్గరే ఉండాలి. చదివేటప్పుడు ఈ మాటల దగ్గర ఆగండి: "అర్హత గల బుకింగులు" అంటే అర్హత లేనివాటి జాబితా ఇంకోచోట ఉంది, ఆ లింకు తెరవాలి. "40 శాతం వరకు" లాంటి మాటల్లో "వరకు" అంటే ఆ గరిష్ఠ శాతం ఏదో ఒక్కదానికే. "ఇతర ఆఫర్లతో కలపరాదు" అంటే సభ్యుల రేటును కూడా ఆఫర్‌గా లెక్కపెడతారేమో అడగాలి.

తాళంచెవి

మొదట అన్నింటికన్నా చిన్న విలువ కార్డు ఒక్కటి కొని, రద్దుకు వీలున్న బుకింగ్ చేసి, రద్దు చేసి చూడండి. రద్దు రుసుము లేదని ముందే రూఢి చేసుకోండి. డబ్బు ఎన్ని రోజులకు, ఏ రూపంలో, ఏ గడువుతో తిరిగొచ్చిందో తెలిసిపోతుంది. అది సరిగ్గా జరిగాకే పెద్ద కార్డు సంగతి.

లెక్కలపుస్తకం

పెద్దది కొనేటప్పుడు టికెట్ ధరకు పైన కాకుండా కింద ఆగండి. 9,600 ఖర్చుకు 10,000 కార్డు వద్దు. 9,000 విలువకు కార్డులు, మిగతా 600 క్రెడిట్ కార్డు. బ్యాలెన్స్ ఇరుక్కోదు, కొంత భాగం కడితే చాలనే బీమా అయితే అదీ నిలుస్తుంది. అయితే కార్డుతో పాటు క్రెడిట్ కార్డు కలిపి కట్టనిస్తారో లేదో రెక్క గారు చెప్పిన పరీక్షలోనే చూసుకోవాలి, ఒప్పుకోని సైట్లు ఉన్నాయి.